చల్లని మొన: కార్బన్ నానోట్యూబుల నుంచి ఎలక్ట్రాన్లు



ఎవరి పేరున ఏటా ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారి గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు ముందు వరసలోనే కూర్చుని ఉన్నారు. అందుకని ఆయన్ని పొగిడే పని పెట్టుకోను. పొగడ్త ఆయనకు గిట్టదు కూడా. ఆయన పద్ధతి ఒకటి మాత్రం అరువు తెచ్చుకుంటాను. క్లాసులో ఎవరైనా లేచి "వేడి చేస్తే లోహంలోంచి ఎలక్ట్రాన్లు వస్తాయి సార్" అంటే, "ఎంత వేడికి? ఎన్ని?" అనేవారు. ఆ రెంటికీ జవాబు చెప్పందే కూర్చోనిచ్చేవారు కాదు. ఈ పూట నేను చెప్పేదాన్ని కూడా ఆ ప్రశ్నలతోనే వినండి. కార్బన్ నానోట్యూబుల గురించి ముప్పై ఏళ్లుగా వచ్చిన మాటల్లో చాలావాటికి "ఎంత?" అని అడగ్గానే గాలి పోతుంది. నిలబడినవి మాత్రం నిజంగా అబ్బురమైనవి.

వేడి సంగతితో మొదలుపెడదాం. నలభై దాటినవాళ్లకు పాత టీవీ గుర్తుండాలి. మన హైదరాబాదులో ఈసీఐఎల్ వాళ్లు చేసిన ఈసీ టీవీ కానివ్వండి, మరొకటి కానివ్వండి, స్విచ్ వేయగానే బొమ్మ వచ్చేది కాదు. కాసేపు ఆగాలి. పిక్చర్ ట్యూబు మెడలో ఉన్న చిన్న హీటరు ఎర్రబడి, కేథోడు మీది ఆక్సైడ్ పూత దాదాపు 800 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. అప్పుడుగాని ఎలక్ట్రాన్లు గడప దాటవు. ఆ గడప ఎత్తునే మనం ఇంటర్మీడియట్‌లో పని ప్రమేయం అని చదువుకున్నాం. టంగ్‌స్టన్‌కు అది సుమారు 4.5 ఎలక్ట్రాన్ వోల్టులు. ఈ గదిలో ఉన్న వేడికి ఒక కణానికి దక్కే శక్తి 0.025 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే దానిలో నూట ఎనభయ్యో వంతు. అందుకే గదిలో పడి ఉన్న టంగ్‌స్టన్ తీగలోంచి ఎలక్ట్రాన్లు కారిపోవు. వాటిని బయటికి రప్పించాలంటే తీగను రెండు వేల డిగ్రీల పైకి కాల్చాలి. ఈ ఉష్ణ ఉద్గారం లెక్క తేల్చినందుకే ఓవెన్ రిచర్డ్‌సన్‌కు 1928 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. రేడియో వాల్వులూ, పిక్చర్ ట్యూబులూ, ఆసుపత్రిలో ఎక్స్-రే ట్యూబులూ అన్నీ ఆ లెక్క మీదే నడిచాయి. ఎక్స్-రే ట్యూబుల్లో అత్యధికం ఇప్పటికీ అలాగే నడుస్తున్నాయి.

వేడి చేయడం బాగానే పనిచేస్తుంది, కాని కరెంటు ఖర్చు, తీగ అరుగుదల తప్పవు. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఆలస్యం. తీగ వేడెక్కడానికి టైము పడుతుంది, చల్లారడానికి ఇంకా టైము పడుతుంది. ఎలక్ట్రాన్లను వెయ్యో వంతు సెకను పాటు పంపి ఠక్కున ఆపమంటే కాలిన తీగ వల్ల కాదు. దానికి వేరే ఏర్పాటు చేసుకోవాలి.

కాల్చకుండా లాగవచ్చు. బలమైన విద్యుత్ క్షేత్రం పెడితే చల్లని లోహంలోంచి కూడా ఎలక్ట్రాన్లు వస్తాయని 1897 నుంచీ సూచనలున్నాయి. అమెరికాలో రాబర్ట్ వుడ్ ఆ ఏడాది రాసిన వ్యాసం పేరులోనే కొత్తరకం కేథోడు ఉత్సర్గమూ ఉంది, ఎక్స్-రేలూ ఉన్నాయి. ఎందుకు వస్తాయన్నదే తేలలేదు. క్షేత్రం గడప ఎత్తు తగ్గిస్తుందని 1923లో షాట్కీ అన్నాడు. ఆ లెక్క ప్రకారం రావలసిన కరెంటు ఒకటి, వచ్చేది ఇంకొకటి. పైగా మిలికన్, లారిట్‌సన్ కొలిచి చూస్తే ఆ కరెంటు వేడిని లెక్కచేయడం లేదు. 1928లో రాల్ఫ్ ఫౌలర్, లోథార్ నార్డ్‌హైమ్ జవాబు చెప్పారు. ఫౌలర్ అంటే డిరాక్‌కు గురువు. మన చంద్రశేఖర్ కేంబ్రిడ్జికి వెళ్లినప్పుడు ఆయనకు గైడుగా ఉన్నదీ ఈయనే. వాళ్లు చెప్పిందేమంటే, ఎలక్ట్రాను గడప ఎక్కి దూకడం లేదు, గడపలోంచే ఇవతలికి వస్తోంది. క్షేత్రం పెరిగేకొద్దీ ఆ అడ్డుగోడ పల్చబడుతుంది. నానోమీటరుకు 3 వోల్టుల క్షేత్రం ఉంటే గోడ మందం 4.5ను 3తో భాగిస్తే వచ్చేది, అంటే ఒకటిన్నర నానోమీటర్లు. అంత పల్చని గోడలోంచి ఎలక్ట్రాను తరంగం తోక ఇవతలికి పొడుచుకొస్తుంది. దీన్నే టన్నెలింగ్ అంటున్నాం. అదే ఏడాది కేంద్రకంలోంచి ఆల్ఫా కణం బయటపడే తీరును గామోవ్ ఇదే లెక్కతో చెప్పాడు. క్వాంటమ్ సిద్ధాంతం పుట్టి నాలుగు రోజులు కాకముందే వచ్చిన ఫలితాలివి.

నానోమీటరుకు 3 వోల్టులంటే చిన్నదేమీ కాదు. రెండు సమతలపు పలకల మధ్య ఒక మిల్లీమీటరు ఎడం పెట్టి ఆ క్షేత్రం తెప్పించాలంటే 30 లక్షల వోల్టులు కావాలి. అది అయ్యే పని కాదు. కాని ప్రకృతి ఒక దారి చూపింది. పిడుగు పొలంలో ఒంటరిగా నిలబడ్డ తాటిచెట్టును వెతుక్కుని పడుతుంది. సన్నగా, ఎత్తుగా ఉన్నదాని కొసన విద్యుత్ క్షేత్రం పోగుపడుతుంది. ఎన్ని రెట్లు పోగుపడుతుందన్నది, మోటు లెక్కలో, ఎత్తును కొస వ్యాసార్ధంతో భాగిస్తే తెలుస్తుంది. తాటితోపులో మాత్రం ఏ ఒక్క చెట్టుకూ ఆ ప్రత్యేకత ఉండదు. ఒకదాన్నొకటి కాచుకుంటాయి. తోపు సంగతి కాసేపటికి మళ్లీ అవసరపడుతుంది, గుర్తుంచుకోండి.

మొన చెక్కే కళ 1936లో ఎర్విన్ ముల్లర్‌తో ఒక దశకు చేరింది. సూదిలాంటి టంగ్‌స్టన్ కొస నుంచి వచ్చే ఎలక్ట్రాన్లను తెర మీద పడేలా చేస్తే, ఆ కొస లక్షల రెట్లు పెద్దదై కనిపించింది. అదే మొనకు వోల్టేజి దిశ మార్చి, హీలియం అయాన్లతో బొమ్మ తీస్తూ 1955 అక్టోబరులో పెన్సిల్వేనియాలో ముల్లర్ విడి పరమాణువులను చూశాడు. ఆ ప్రయోగంలో ఆయనతో ఉన్న పరిశోధక విద్యార్థి భారతీయుడు కన్వర్ బహదూర్. పరమాణువును కంటితో చూసిన తొలి ఇద్దరిలో మనవాడొకడని మన పాఠ్యపుస్తకాలు ఎందుకు చెప్పవో నాకు అర్థం కాదు.

1968లో చార్ల్స్ స్పింట్ మాలిబ్డినమ్‌తో సూక్ష్మమైన శంకువులను వరసలుగా పేర్చాడు. పనిచేశాయి, ఇప్పటికీ పనిచేస్తున్నాయి. కాని లోహపు మొనకు ఒక జబ్బుంది. కరెంటు ఎక్కువైతే మొన వేడెక్కుతుంది, వేడెక్కితే నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే ఇంకా వేడెక్కుతుంది. ఆ వేడికి పరమాణువులు క్షేత్రం లాగిన వైపు జరిగి మొన ఇంకా కోసుగా తయారవుతుంది, కరెంటు ఇంకా పెరుగుతుంది. చివరికి మొనే పేలిపోతుంది.

ఈ జబ్బు లేని మొన ఎక్కడైనా ఉందా?

జపాన్‌లో, త్సుకుబాలోని ఎన్ఈసీ ప్రయోగశాలలో సుమియో ఇజిమా 1991లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసిన బొగ్గు గొట్టాల కథ మీరందరూ వినే ఉంటారు. గ్రాఫైటు రేకును చుట్టినట్టుండే గొట్టం. ఒకే పొర ఉన్నదైతే ఒకటి రెండు నానోమీటర్ల వ్యాసం, పొరలు ఎక్కువైతే పదుల నానోమీటర్లు. పొడవు మాత్రం మైక్రోమీటర్లు. వ్యాసార్ధం 5 నానోమీటర్లు, పొడవు 5 మైక్రోమీటర్లు అనుకోండి. నిష్పత్తి వెయ్యి. 100 మైక్రోమీటర్ల ఎడంలో 400 వోల్టులు పెడితే సమతలం మీద క్షేత్రం నానోమీటరుకు 0.004 వోల్టులు. కొస మీద 4 వోల్టులు. ఫౌలర్, నార్డ్‌హైమ్ అడిగినంతా ఇంట్లో ఇన్వర్టరు సర్క్యూటుతో ఇచ్చేయవచ్చన్నమాట. పైగా కార్బన్ పరమాణువుల మధ్య బంధాలు ఎంత గట్టివంటే క్షేత్రం లాగినా అవి పక్కకు జరగవు.

1995లో రెండు బృందాలు దీన్ని చేసి చూపాయి. లోజాన్‌లో వాల్ట్ డి హీర్, షాటెలాన్, ఉగార్తె నానోట్యూబుల పొర మీద 20 మైక్రోమీటర్ల ఎత్తున ఒక గ్రిడ్డు పెట్టి ఎలక్ట్రాన్ గన్ కట్టారు. 200 వోల్టులకే చదరపు సెంటీమీటరుకు 0.1 మిల్లీ ఆంపియర్, 700 వోల్టులకు 100 మిల్లీ ఆంపియర్లకు పైన. వోల్టేజి మూడున్నర రెట్లయితే కరెంటు వెయ్యి రెట్లు. ఈ అంకె మీద వేలు పెట్టి ఉంచండి, కథంతా అందులోనే ఉంది. హ్యూస్టన్‌లో రిచర్డ్ స్మాలీ బృందం ఒకే ఒక్క గొట్టాన్ని అమర్చి, దాని మూత తెరిచి, 80 వోల్టుల లోపే 0.1 నుంచి 1 మైక్రో ఆంపియర్ తీసింది. అంచు నుంచి కార్బన్ పరమాణువులు ఒకదాని వెనక ఒకటిగా గొలుసుకట్టి బయటికి నిలిచాయనీ, ఎలక్ట్రాన్లు ఆ గొలుసు చివరి పరమాణువు నుంచి వస్తున్నాయనీ వాళ్ల ఊహ. అందమైన ఊహ. తరవాత కొలిచినవాళ్లు మూత ఉన్న గొట్టాలే బాగా, నిలకడగా పనిచేస్తున్నాయన్నారు.

ఆ మూత గురించి ఒక మాట. గ్రాఫైటు రేకులో అన్నీ షట్కోణాలే. షట్కోణాలతో గొట్టం చుట్టవచ్చుగాని చివర మూయలేం. మూయాలంటే సరిగ్గా ఆరు పంచకోణాలు కావాలి, ఇది ఆయిలర్ జ్యామితి నియమం. 2000 ప్రాంతాల జపాన్‌లో యహాచి సైతో బృందం ముల్లర్ పద్ధతిలోనే ఒక బహుపొరల గొట్టం కొసను బాగా శుభ్రం చేసి తెర మీద చూస్తే, వెలుగులో పంచకోణాలు కనిపించాయి. జ్యామితి పుస్తకంలో నిరూపించే విషయం ఫాస్ఫర్ తెర మీద తనంతట తాను వచ్చి కూర్చుంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఇష్టమైన ఫలితం ఇదే. దీనివల్ల ఎవరికీ ఒక్క రూపాయి రాలేదు.

"శుభ్రం చేసి" అన్నాను. ఆ రెండు మాటల వెనక చాలా కష్టం ఉంది. మోటరోలా ప్రయోగశాలలో కెన్నెత్ డీన్, బాబు చలమల అనే ఇద్దరు ఒంటిపొర గొట్టాల మీద ఓపిగ్గా పనిచేశారు. చలమల తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్లినవారు. వాళ్లు తేల్చిందేమంటే, మామూలుగా మనం కొలిచే కరెంటులో పెద్ద వాటా గొట్టానిది కాదు, కొసకు అంటుకున్న అణువులది, ముఖ్యంగా నీటి ఆవిరిది. అంటుకున్న అణువు ఎలక్ట్రాన్లకు దారి సుగమం చేస్తుంది. కరెంటు పెంచితే కొస వేడెక్కి ఆ అణువు ఎగిరిపోతుంది, కరెంటు పెరగడం ఆగిపోతుంది. దీన్ని చాలామంది గొట్టం స్వభావం అనుకున్నారు. గొట్టాన్ని వేడిచేసి అణువుల్ని వదిలిస్తే కరెంటు తగ్గింది, కాని ఎగుడుదిగుళ్లు పోయి ఫౌలర్, నార్డ్‌హైమ్ సూత్రం గీసిన గీత మీద నడిచింది. ఎక్కువ కరెంటు ఇచ్చేది మురికి మొన, నమ్మదగింది శుభ్రమైన మొన. ప్రచారానికి మొదటిది పనికొస్తుంది, యంత్రానికి రెండోది.

వేడి గురించి ఇంకో ముఖ్యమైన ప్రయోగం 2002లో ఫ్రాన్సులోని లియాన్‌లో జరిగింది. స్టీఫెన్ పర్సెల్ బృందం ఒకే బహుపొరల గొట్టంలోంచి కరెంటు పెంచుకుంటూ పోయి, బయటికొచ్చే ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచి, కొస ఎంత వేడెక్కిందో లెక్కగట్టింది. 2000 కెల్విన్. కాల్చకుండా ఎలక్ట్రాన్లు తీస్తున్నామని మొదలుపెట్టి చివరికి ఫిలమెంటు వేడికే చేరారా అంటే, చేరారు. తేడా ఏమంటే గొట్టం పేలలేదు, నిలకడగా ఉంది. వేడెక్కేకొద్దీ లోహం నిరోధం పెరుగుతుంది, ఈ గొట్టం నిరోధం తగ్గుతుంది. లోహపు మొనను చంపే చక్రం ఇక్కడ మొదలే కాదు.

కాబట్టి ఒక్క గొట్టం దగ్గర ఫిర్యాదు లేదు. ఒక మైక్రో ఆంపియర్ అంటే సెకనుకు ఆరు లక్షల కోట్ల ఎలక్ట్రాన్లు, పది నానోమీటర్ల గొట్టంలోంచి. చదరపు సెంటీమీటరుకు లెక్కగడితే పది లక్షల ఆంపియర్ల పైమాట. మీ ఇంటి వైరింగులో రాగి తీగ మోసేది వెయ్యి. 2002లోనే నీల్స్ డి యోంగె, ఫిలిప్స్‌లో, ఒక్క గొట్టంతో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులకు పనికొచ్చే మహా తేజోవంతమైన పుంజం తీశాడు. అయినా మైక్రోస్కోపులు అమ్మే కంపెనీలు టంగ్‌స్టన్‌ను వదల్లేదు. ఒక్కొక్క గొట్టాన్ని ఏరి, సూది కొసకు అంటించి, నిటారుగా నిలబెట్టే పని వాళ్ల అసెంబ్లీ లైనుకు అచ్చిరాదు.

వేల గొట్టాలను ఒకచోట చేర్చినప్పుడే అసలు చిక్కు. ఇందాకటి లెక్కే తీసుకోండి. పక్క గొట్టం కంటే పది శాతం పొడవున్న గొట్టం కొస మీద క్షేత్రం పది శాతం ఎక్కువ. సూత్రంలో పెట్టి చూస్తే కరెంటు పది శాతం పెరగదు, ఐదారు రెట్లవుతుంది. ఇరవై శాతం పొడవైతే ముప్పై రెట్లకు దగ్గర. గొట్టాలను ఎంత జాగ్రత్తగా పెంచినా పొడవులో పది శాతం తేడా మామూలే. అందువల్ల కోటి గొట్టాలున్న పొరలో నిజంగా పనిచేసేవి కొద్దివే, మిగిలినవన్నీ కూలికి రానివాళ్లే. ఆ కొద్దివాటి మీదే భారమంతా పడి అవి ముందుగా కాలిపోతాయి. అప్పుడు వాటి తరవాతి పొడుగువాళ్ల వంతు. దట్టంగా పెంచితే బాగుపడుతుందా అంటే, తాటితోపు గుర్తుతెచ్చుకోండి. గొట్టాల మధ్య ఎడం వాటి ఎత్తుకు సుమారు రెట్టింపు ఉంటేగాని ఒకదాన్నొకటి కాచుకోవడం మానవని 2000లో స్విట్జర్లాండ్ పరిశోధకులు లెక్కా, ప్రయోగమూ చూపారు. దట్టమైన అడవిలా పెంచిన నానోట్యూబుల ఫోటోలు పత్రికల ముఖచిత్రాలకు బాగుంటాయి. ఎలక్ట్రాన్లు మాత్రం ఆ అడవి అంచుల నుంచే వస్తాయి.

ఈ లెక్క మొదటి రోజు నుంచీ అందరికీ తెలుసు. తెలిసీ టీవీ చేయబోయారు. చేయకుండా ఉండలేకపోయారు కూడా, ఎందుకంటే ఆశ అంత పెద్దది: పిక్చర్ ట్యూబు బొమ్మ, గోడకు తగిలించే మందం, వెనక ఒక్క గన్ను బదులు చుక్క చుక్కకూ ఒక గన్ను. 1999లో శాంసంగ్ పరిశోధకులు 4.5 అంగుళాల తెర చేసి చూపారు. గొట్టాలను జిగురు ముద్దలో కలిపి అచ్చువేసి, తరవాత పైపొర గీకి వాటిని నిలబెట్టారు. 2005లో మోటరోలా గాజు మీదే గొట్టాలు పెంచి 5 అంగుళాల రంగుల నమూనా చూపింది. దుకాణానికి ఏదీ రాలేదు. ఎల్‌సీడీ ధరలు పడిపోవడంతో ఈ తెరలు చచ్చిపోయాయని పరిశ్రమ చరిత్ర చెబుతుంది. నేను సగమే ఒప్పుకుంటాను. ధర పడకపోయినా ఇబ్బంది ఉండేది. తెరకు కావలసిన మొదటి గుణం సమానత. పక్కపక్కన రెండు చుక్కల వెలుగులో కొద్ది శాతం తేడా ఉన్నా కన్ను పట్టేస్తుంది. పది శాతం పొడవు తేడాను ఐదు రెట్ల కరెంటు తేడాగా మార్చే సూత్రాన్ని తెచ్చి, ఏ తేడా ఉండకూడని చోట పెట్టారు. వరసలో నిరోధాలు పెట్టి దుడుకు గొట్టాలకు కళ్లెం వేయవచ్చు, వేశారు కూడా. అలా కట్టిన ప్రతి కళ్లేనికీ ఖర్చుంది, అటువైపు ఎల్‌సీడీకి ఆ బాధ లేదు.

ఈ ఉత్సాహపు రోజుల్లో ఒక చెడు అలవాటు కూడా స్థిరపడింది. పరిశోధక విద్యార్థులున్నారు కాబట్టి చెబుతున్నాను. చదరపు సెంటీమీటరుకు 10 మైక్రో ఆంపియర్లు వచ్చే క్షేత్రాన్ని ఆరంభ క్షేత్రం అని పేరు పెట్టి, మా పదార్థానిది ఇంత తక్కువ, మాది అంతకన్నా తక్కువ అని పోటీ పడ్డారు. పది మైక్రో ఆంపియర్లు ఒక్క మంచి గొట్టమే ఇవ్వగలదు. అలాంటప్పుడు ఆ అంకె పదార్థం గుణమా, నమూనాలో పొరపాటున పొడుచుకొచ్చిన ఒక్క పోగు గుణమా? కరెంటు, వోల్టేజిల గ్రాఫు వాలు నుంచి క్షేత్రం ఎన్ని రెట్లు పెరిగిందో రాబడతారు. అందులో కొందరికి పది వేలు, ఇరవై వేలు వచ్చాయి. పొడవును వ్యాసార్ధంతో భాగిస్తే వెయ్యి దాటని గొట్టానికి ఇరవై వేలు ఎలా వచ్చిందని ఆగి అడగాలి. నిరోధమో, అంటుకున్న అణువులో, వదులైన పోగో గ్రాఫును వంచి ఉంటుంది. అడగకుండానే అచ్చయిన వ్యాసాలు కొల్లలు.

సమానత అక్కర్లేని పని ఏదైనా ఉందా అని వెతికినవాళ్లే చివరికి బాగుపడ్డారు. ఎక్స్-రే ట్యూబులో ఎలక్ట్రాన్లన్నీ ఆనోడు మీద ఒకే మచ్చ దగ్గర చేరతాయి. ఏ గొట్టం ఎన్ని ఇచ్చిందో ఎవరికీ పట్టదు, మొత్తం చాలు. దానికి కావలసింది తక్షణం ఆన్, తక్షణం ఆఫ్. గ్రిడ్డు వోల్టేజితో అది దొరుకుతుంది. నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో ఓటో ఝౌ బృందం 2002లో నానోట్యూబు కేథోడుతో శరీర భాగాల చిత్రాలు తీయదగిన ఎక్స్-రేలు తెప్పించింది. తరవాత ఎలుక ఊపిరితో కలిపి, ఊపిరి ఒక దశకు వచ్చినప్పుడే ఎక్స్-రే వెలిగేలా చిన్న సీటీ స్కానరు కట్టింది. కాలిన తీగ ఒక్కటే చేయలేని పని అది.

రొమ్ము క్యాన్సర్ పరీక్షలో వాడే టోమోసింథసిస్ సంగతి కూడా అంతే. మామూలు యంత్రంలో ఒక్క ఎక్స్-రే ట్యూబు వంపు తిరుగుతూ ఒక్కో కోణం నుంచి బొమ్మ తీస్తుంది. కదలిక వల్ల బొమ్మ కాస్త అలుక్కుపోతుంది, అంతసేపూ ఆ తల్లి ఒత్తిడి పలకల మధ్య కదలకుండా ఉండాలి. అదే బృందం 31 నానోట్యూబు మూలాలను వరసగా కదలకుండా బిగించి, ఒకదాని తరవాత ఒకటి వెలిగించింది. కదిలేది ఏదీ లేదు. 31 ఫిలమెంట్లను అలా పెట్టి ఎప్పుడూ కాల్చి ఉంచడం ఊహించండి. ఇక ఆస్ట్రేలియాలో అడిలైడ్‌కు చెందిన మైక్రో-ఎక్స్ అనే కంపెనీ నానోట్యూబు ట్యూబుతో తేలికైన ఎక్స్-రే బండి చేసి అమ్ముతోంది. రోగి మంచం దగ్గరికే తోసుకెళ్లవచ్చు.

అంతరిక్షంలో ఇంకో పని. అయాన్లనో, ఆవేశమున్న బిందువులనో వెనక్కి చిమ్మి ముందుకు కదిలే నౌకలో ఆవేశం పోగుపడుతుంది. దాన్ని సరిచేయడానికి ఎలక్ట్రాన్లను బయటికి వదలాలి. పుట్టిన ప్రతి వాటూ లెక్కబెట్టుకునే నౌకలో హీటరు ఎవరు పెడతారు? 2015 డిసెంబరులో వెళ్లిన లీసా పాత్‌ఫైండర్ అంతరిక్ష నౌకలోని అమెరికా థ్రస్టర్లకు నానోట్యూబు కేథోడు జతచేశారు. ఏడాది తరవాత జపాన్ కౌనొతొరి సరకు నౌక 700 మీటర్ల విద్యుత్ తాడును కక్ష్యలో చాచి, భూమి అయస్కాంత క్షేత్రంతో వేగం తగ్గించుకునే ప్రయోగానికి సిద్ధపడింది. చెత్త ఉపగ్రహాలను కిందికి దించే పద్ధతికి అది రిహార్సలు. తాడు బయటికి రాలేదు. ఎలక్ట్రాన్లు వదలడానికి పెట్టిన నానోట్యూబు కేథోడు మాత్రం కక్ష్యలో పనిచేసింది.

ఇప్పుడు ఈ రంగంలో తల బద్దలు కొట్టుకుంటున్నది కొత్త గొట్టాల కోసం కాదు. గొట్టం పట్టుకున్న పునాది నుంచి ఊడి రాకుండా, ఎక్స్-రే ట్యూబులో అధిక వోల్టేజి కింద మెరుపు కొట్టినప్పుడు పొర చెడకుండా, మిగిలిపోయిన వాయువు అయాన్లయి వచ్చి కొసను కొరికేయకుండా ఏళ్ల తరబడి శూన్యాన్ని నిలపడం ఎలా అన్నదే పని. అంటుకట్టు, గాజు సీలు, వాక్యూమ్ పంపు. పత్రికల ముఖచిత్రం మీదికి ఎక్కే విషయాలు కావు. ఈ హాల్లో వాక్యూమ్ పంపు నూనె చేతికంటినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు నేను చెప్పేదానికంటే ఎక్కువే తెలిసి ఉంటుంది. ముందు వాళ్ల ప్రశ్నలే తీసుకుంటాను.